పేగు పొర: వందేళ్ల పొరపాటు

కలరా రోగికి అయ్యే విరేచనం బియ్యం కడుగులా ఉంటుంది. మలం రంగు ఉండదు, వాసనా ఉండదు. పలచటి నీళ్లలో తెల్లటి నలుసులు తేలుతూ కనిపిస్తాయి. ఆ నలుసులు ఏమిటని అడిగితే పందొమ్మిదో శతాబ్దపు యూరప్ వైద్యులు తడుముకోకుండా జవాబు చెప్పేవారు: పేగు లోపలి పొర నుంచి ఊడిపడ్డ ముక్కలని. కలరాతో చనిపోయినవారి పొట్ట కోసి చూస్తే ఆ మాటకు సాక్ష్యం కూడా దొరికేది. చిన్నపేగు లోపలి గోడ చాలాచోట్ల బోసిగా ఉండేది. దాన్ని కప్పి ఉండాల్సిన కణాలు రేకులు రేకులుగా లేచిపోయి కనిపించేవి. పొర ఊడిపోయాక ఒంట్లో నీరు నిలుస్తుందా? లెక్క చక్కగా కుదిరింది.

కుదిరిన ఆ లెక్కే తప్పు. అది తప్పని గట్టిగా తేలేసరికి 1960 వచ్చింది. పేగు లోపొర కణాలు తమ కిందున్న పునాదిని ఎలా పట్టుకుని ఉంటాయో, ఏ పరిస్థితిలో వదిలేస్తాయో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియకపోవడం పుస్తకాలకే పరిమితమైతే పెద్ద నష్టం ఉండేది కాదు. అది రోగి మంచం దాకా వచ్చింది. పొర లేని పేగు నీటిని పీల్చుకోలేదు కాబట్టి నోటితో ఏం తాగించినా వృథా అనే నమ్మకంగా మారింది.

1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో చెలరేగిన కలరా కొన్నేళ్లలోనే ఆసియా అంతా పాకింది. తర్వాతి విడతలో యూరప్ చేరింది. తెలుగునాట దాన్ని మహమ్మారి అన్నారు, తెలంగాణ పల్లెల్లో గత్తర అన్నారు. గత్తర తగిలిందంటే పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి శవమయ్యేవాడు. కళ్లు గుంటలు పడి, చర్మం ముడతలు తేలి, గొంతు కీచుమంటూ, చివరిదాకా తెలివిలోనే ఉంటూ ప్రాణం విడిచేవాడు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి పుట్టుకను జనం కలరా కాలపు మొక్కుతో ముడిపెట్టి ఈనాటికీ చెప్పుకుంటారు. ఒక ఊరిని ఒక రోగం ఎంతగా వణికించిందో అలాంటి కథలే చెబుతాయి.

వైద్యం కూడా భయంతోనే సాగింది. నరం కోసి నెత్తురు తీసేవారు. పాదరసం కలిసిన కేలొమెల్ మింగించి ఇంకా విరేచనాలు చేయించేవారు. నల్లమందు పట్టేవారు. దాహం దాహం అని రోగి అంగలారుస్తున్నా నీళ్లివ్వొద్దన్న వైద్యులు ఉన్నారు.

ఆ చీకట్లో ఒక కుర్రవాడు సరైన చోట వేలు పెట్టాడు. విలియం బ్రూక్ ఓషానెసీ అనే 22 ఏళ్ల ఐరిష్ వైద్యుడు 1831 చివర్లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ వెళ్లి కలరా రోగుల నెత్తురు పరీక్షించారు. నెత్తురు చిక్కబడింది. అందులో నీరు తగ్గింది, లవణాలు తగ్గాయి, క్షారం తగ్గింది. పోయింది ఉప్పూ నీరూ అయితే తిరిగి పెట్టాల్సిందీ ఉప్పూ నీరే అని ఆయన రాశారు. 1832 మే నెలలో ఎడిన్‌బరో పక్కన లీత్ అనే రేవు పట్టణంలో థామస్ లాటా ఆ మాటను ఆచరణలో పెట్టారు. ఆయన మొదటి రోగి ఒక వృద్ధురాలు. నాడి అందడం లేదు, ఒళ్లు చల్లబడింది. లాటా ఆమె నరంలోకి గొట్టం గుచ్చి ఉప్పునీళ్లు ఎక్కించడం మొదలుపెట్టారు. మొదట్లో ఏ మార్పూ లేదు. కాసేపటికి శ్వాస తేలికపడింది, కళ్లలో కాంతి వచ్చింది, నాడి తగిలింది. అరగంటలో ఆరు పింట్లు, అంటే మూడు లీటర్ల పైచిలుకు ఎక్కాక ఆమె బాగానే ఉన్నానంది. లాటా విశ్రాంతికి వెళ్లారు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, నీళ్లు మళ్లీ ఎక్కించినవారు లేరు. కొన్ని గంటల్లో ఆమె చనిపోయింది. మరుసటి ఏడాది లాటా కూడా పోయారు. శుభ్రత లేని సూదులు, లెక్క కుదరని ద్రావణాలు, చావు అంచున ఉన్నవారికే చేసే ప్రయోగాలు, ఇవన్నీ కలిసి ఆ పద్ధతికి చెడ్డపేరు తెచ్చాయి. ఓషానెసీ ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా చేరి, చివరికి ఈ దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించిన మనిషిగా పేరు తెచ్చుకున్నారు. కలరాకు మందు దాదాపు చేతిలోకి వచ్చి జారిపోయింది.

ఈలోగా జర్మనీలో సూక్ష్మదర్శిని కింద కొత్త వైద్యం పుడుతోంది. రుడాల్ఫ్ విర్హో కాలం నుంచి రోగాన్ని కణంలో వెతకడం, శవాన్ని కోసి రోగి కథ చదవడం ఆనవాయితీ అయింది. ఆ పద్ధతి వైద్యానికి చేసిన మేలు కొలవలేనిది. కలరా విషయంలో మాత్రం అది తప్పుదారి పట్టించింది. శవపరీక్ష బల్లమీద కనిపించిన బోసి పేగును కలరా చేసిన పనిగానే లెక్కవేశారు. 1883లో ఈజిప్టులో, ఆ తర్వాత కలకత్తాలో రాబర్ట్ కోచ్ కామా ఆకారపు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అది ఏదో విషాన్ని తయారుచేసి పేగును దెబ్బతీస్తుందని 1884లోనే ఊహించారు కూడా. విషమన్న ఊహ నిజమైంది. కానీ ఆ విషం పేగు పొరను చంపి రాలుస్తుందన్న ఊహ కూడా దాని వెంటే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

ఇక్కడ కాస్త ఆగి ఆ పొర సంగతి చూడాలి. లోతుగా చూడాల్సిన సంగతే అది.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మిల్లీమీటరుకు మించని, వేళ్లలాంటి చూషకాలు దట్టంగా నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ల మధ్య సన్నటి గుంటలు. ఈ మొత్తాన్నీ కప్పే కణాలు ఒకే ఒక్క వరుస. లోపలికి పోయే అన్నానికీ, ఒంట్లోని నెత్తురుకూ మధ్య ఉన్నది ఆ ఒక్క వరుసే. ప్రతి కణమూ పక్కకణాన్ని పట్టుకుంటుంది, అడుగున ఆధార పొరను పట్టుకుంటుంది. పక్కపట్టు సరిగ్గా ఉన్నా అడుగు పట్టు సడలితే వరుస మొత్తం రేకులా లేస్తుంది. శవపరీక్షల్లో వైద్యులు చూసింది సరిగ్గా అదే. కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి, కింద నేలను మాత్రం వదిలేశాయి.

అడుగున అలాంటి పొర ఒకటుందని 1840ల్లోనే లండన్ వైద్యుడు విలియం బౌమన్ గుర్తించారు. మూత్రపిండాల నిర్మాణంతో ఆయన పేరు ఈనాటికీ ప్రతి విద్యార్థి నోట్లో నలుగుతుంది. కానీ ఆయన సూక్ష్మదర్శినికి ఆ పొర ఒక సన్నటి గీత. అందులో ఏముందో, కణం దాన్ని దేనితో పట్టుకుంటుందో తెలిసే దారి అప్పటికి లేదు. ఆ గీత లోపలికి చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని, రసాయన శాస్త్రం రెండూ ఎదగాలి. అందుకు ఇంకా నూరేళ్లకు పైగా ఉంది.

పాత నమ్మకం మీద మొదటి గట్టి అనుమానం మనీలాలో పుట్టింది. అమెరికన్ రోగ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ ఫిలిప్పీన్స్‌లో కలరా మృతుల పేగులు పరిశీలించి 1923లో ఒక వ్యాసం రాశారు. మరణానికీ శవపరీక్షకూ మధ్య సమయం తగ్గేకొద్దీ పొర ఊడటమూ తగ్గుతోంది. అంటే పొరను రాల్చింది రోగం కాదు, మరణం తర్వాత గడిచిన గంటలు. వ్యాసం అచ్చయింది. పాఠ్యపుస్తకాలు మారలేదు. శవంలో కనిపించింది ప్రాణం ఉండగా లేదని మరో శవం ఎలా రుజువు చేస్తుంది? రుజువు బతికున్న రోగి పేగులోంచే రావాలి. అప్పటికి అది సాధ్యం కాదు.

సాధ్యం చేసింది ఒక చిన్న లోహపు గుళిక. అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ సంస్థలో విలియం క్రాస్బీ, హైంజ్ కుగ్లర్ 1957లో దాన్ని ప్రపంచానికి చూపించారు. పెద్ద మాత్రంత ఉండే గుళికకు పక్కన చిన్న కంత. లోపల స్ప్రింగు మీద తిరిగే కత్తి. గుళిక వెనక సన్నటి గొట్టం. రోగి దాన్ని మింగితే పొట్ట దాటి చిన్నపేగులోకి జారుతుంది. సరైన చోటికి చేరిందని ఎక్స్‌రేలో చూసుకుని, బయట గొట్టం చివర సిరంజితో గాలి లాగుతారు. ఆ లాగుడుకు పేగు గోడలో ఆవగింజంత ముక్క కంతలోకి వస్తుంది. అదే లాగుడుకు కత్తి విడుదలై ఆ ముక్కను కోస్తుంది. గొట్టం వెనక్కి లాగితే ముక్క చేతికొస్తుంది. ప్రాణంతో ఉన్న మనిషి చిన్నపేగు పొరను పొట్ట కోయకుండా చూడగల కాలం వచ్చింది.

1958, 1959 సంవత్సరాల్లో బ్యాంకాక్‌లో కలరా విరుచుకుపడింది. వాల్టర్ రీడ్ నుంచి యూజీన్ గాంగరోసా బృందం అక్కడికి చేరింది. థాయ్ వైద్యులు తోడయ్యారు. నోటి ద్వారా గొట్టం పంపి, బియ్యం కడుగులాంటి విరేచనాలు అవుతుండగానే రోగుల చిన్నపేగు నుంచి ముక్కలు తీశారు. ఒకసారి కాదు, రోగం ముదిరినప్పుడూ కోలుకుంటున్నప్పుడూ తీశారు. అద్దాల మీద కనిపించినది సూటిగా ఉంది. కణాల వరుస చెక్కుచెదరలేదు. చూషకాలు నిలబడే ఉన్నాయి. ప్రతి కణమూ ఆధార పొర మీద తన చోట తాను కూర్చునే ఉంది. కొంత వాపు ఉంది, రక్తనాళాలు ఉబ్బాయి, శ్లేష్మం విపరీతంగా స్రవిస్తోంది. నీళ్లలో తేలిన తెల్లటి నలుసుల్లో ఎక్కువ భాగం ఆ శ్లేష్మమే. 1960లో వాళ్ల వ్యాసం వెలువడింది.

అదే బ్యాంకాక్‌లో రాబర్ట్ గోర్డన్ అనే పరిశోధకుడు మరో దారిలో అదే మాట రాబట్టారు. రేడియోధార్మిక గుర్తు తగిలించిన ఒక పెద్ద అణువును రోగుల నరంలోకి ఎక్కించారు. పేగు పొరకు నిజంగా చిల్లులు పడితే ఆ పెద్ద అణువు విరేచనంలో కనిపించాలి. చెప్పుకోదగినంత కనిపించలేదు. పోతున్నది నీరూ లవణాలే. ఒక పద్ధతిని తప్పుపట్టినా రెండోది నిలబడేలా ఇద్దరూ వేర్వేరు వైపుల నుంచి వచ్చి ఒకే చోట కలిశారు. సైన్సులో ఇంత శుభ్రంగా తేలిన వ్యవహారాలు అరుదు.

మరి శవాల్లో పొర ఎందుకు ఊడింది? దీనికి వివరమైన జవాబు 1970లో మాంట్రియల్‌లో కుక్కల మీద చేసిన శస్త్రచికిత్స ప్రయోగాల్లో దొరికింది. సి.జె. చ్యూ బృందం పేగుకు రక్తం అందకుండా చేసి ఏం జరుగుతుందో అంచెలంచెలుగా రాసింది. మొదట చూషకం కొనన కణాల వరుసకూ ఆధార పొరకూ మధ్య చిన్న ఖాళీ ఏర్పడుతుంది. తర్వాత ఆ ఖాళీ పక్కలకు పాకుతుంది. ఆపై వరుస రేకుగా లేస్తుంది. చివరికి చూషకం బోసిపోతుంది. సున్నా నుంచి అయిదు దాకా వాళ్లు వేసిన మెట్లను సర్జన్లు ఈనాటికీ వాడుతున్నారు. రక్తం ఆగితే కణానికి శక్తి ఆగుతుంది. శక్తి ఆగితే పట్టు సడలుతుంది. గుండె ఆగిన మనిషి పేగులోనూ ఇదే జరుగుతుంది. ఉష్ణదేశాల వేడిలో, జీర్ణరసాలు నిండిన పేగులో మరింత త్వరగా జరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దపు వైద్యుడు కోసి చూసేసరికి అది పూర్తయి ఉండేది.

ఆ పట్టు దేనితో ఏర్పడిందన్నది మరో పాతికేళ్ల కథ. దానికి మొదటి తాళం చెవి ఒక ఎలుక కణితి దగ్గర దొరికింది. ఎంగెల్‌బ్రెత్-హోమ్, స్వార్మ్ అనే ఇద్దరి పేర్లతో పిలిచే ఆ కణితి ఆధార పొర పదార్థాన్ని ఆగకుండా తయారుచేస్తుంది. మామూలు కణజాలంలో నానోమీటర్ల మందాన ఉండే పదార్థం ఇక్కడ గ్రాముల లెక్కన దొరికింది. 1979లో రూపర్ట్ టింపుల్, జార్జ్ మార్టిన్, వారి సహచరులు ఆ కణితి నుంచి శిలువ ఆకారపు పెద్ద ప్రోటీనును వేరుచేసి లామినిన్ అన్నారు. ఆధార పొరలో లామినిన్ ఒక వల, నాలుగో రకం కొలాజెన్ ఇంకో వల, రెండింటినీ కలిపి ఉంచే చిన్న ప్రోటీన్లు కొన్ని. కణాల చుట్టూ అల్లుకున్న ఈ పదార్థాన్నే మాత్రిక అంటున్నారు.

మాత్రిక దొరికింది సరే, దాన్ని కణం దేనితో పట్టుకుంటోంది? 1980ల మధ్యలో ఎర్కి రూస్లాటి, రిచర్డ్ హైన్స్ ప్రయోగశాలలు వేర్వేరుగా దాన్ని పట్టుకున్నాయి. కణం గోడ గుండా దూసుకుని ఉండే జంట ప్రోటీన్లు ఇవి. ఒక కొన బయట మాత్రికను పట్టుకుంటుంది, రెండోది లోపల కణపు అస్థిపంజరాన్ని పట్టుకుంటుంది. 1986లో వీటికి ఇంటిగ్రిన్లన్న పేరు వచ్చింది. 2022లో హైన్స్, రూస్లాటి, టిమొతీ స్ప్రింగర్‌లకు ఈ పనికే లాస్కర్ అవార్డు దక్కింది. పేగు లోపొర కణాల్లో ముఖ్యమైన జంట ఆల్ఫా-6 బీటా-4. అది లామినిన్‌ను పట్టుకుంటుంది. లోపల ప్లెక్టిన్ అనే ప్రోటీను ద్వారా కణంలోని కెరాటిన్ తీగలకు కట్టుకుంటుంది. ఈ జంట జన్యువుల్లో లోపంతో పుట్టే పిల్లలున్నారు. వాళ్ల చర్మం ముట్టుకుంటే బొబ్బలు లేస్తాయి. జఠరం నుంచి చిన్నపేగులోకి వెళ్లే దారి మూసుకుని ఉంటుంది. చాలా అరుదు ఈ జబ్బు. కానీ ఒక్క పట్టు తప్పితే ఎంత తప్పుతుందో అది చూపిస్తుంది.

ఈ పట్టు శాశ్వతం కాదు, కాకూడదు కూడా. 1948లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లెబ్లాండ్, కేథరిన్ స్టీవెన్స్ తెల్ల ఎలుక పేగులో విభజన చెందుతున్న కణాలను లెక్కపెట్టారు. ఆ లోపొర మొత్తం రెండు రోజుల లోపే కొత్తదైపోతోందని తేల్చారు. మనిషిలో దీనికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. గుంటల అడుగున పుట్టిన కణం ఆధార పొరను పట్టుకునే పైకి జరుగుతూ, చూషకం కొనకు చేరాక పట్టు వదిలి రాలిపోతుంది. రోజూ వేల కోట్ల కణాలు ఇలా రాలుతున్నా ఎక్కడా చిల్లు పడదు. రాలే కణం కింద నుంచి పక్కకణాలు ముందే చేతులు కలుపుతాయి.

ఆ ఏడాదే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి తాత్కాలికంగా రోగాన్ని వెనక్కి నెట్టగలిగారు. ఆ మందు వచ్చింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి. కణ విభజనను ఆపే ఆ కుటుంబపు మందులు తీసుకున్నవారికి నోరు పూయడం, విరేచనాలు కావడం మామూలు. కింద నుంచి కొత్త కణాలు రాకపోతే పైనున్న పొర పలచబడుతుంది. అదే 1948లో అదే లెడర్లీ నుంచి ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. ఆ కుటుంబపు మందులు కలరా విరేచనాల కాలాన్ని తగ్గిస్తాయని 1960ల్లో ఢాకాలో తేలింది. పేగు పొర చరిత్రలో తెలుగువాడి పేరు తలుచుకోవాల్సిన చోటు ఇది.

కలరా విషం సంగతి తేల్చినది మాత్రం కలకత్తా. హుగ్లీ ఒడ్డున ఒక పల్లెలో పుట్టిన శంభునాథ్ డే 1953లో కుందేలు పేగును రెండుచోట్ల ముడివేసి, మధ్యనున్న భాగంలోకి కలరా సూక్ష్మజీవుల్ని ఎక్కించారు. ఆ భాగం నీళ్లతో ఉబ్బిపోయింది. 1959లో సూక్ష్మజీవులు లేకుండా వడగట్టిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించారు. అయినా ఉబ్బింది. అంటే విషం ఉంది, అది పేగు లోపలి నుంచే పనిచేస్తుంది. ఆ పని 'నేచర్' పత్రికలో అచ్చయింది. బతికున్నంతకాలం డేకు స్వదేశంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదు. విషం కణాన్ని చంపదు, పట్టును సడలించదు. కణంలో చక్రీయ ఏఎంపీ అనే సందేశపదార్థాన్ని విపరీతంగా పెంచుతుంది. ఆ సందేశంతో క్లోరైడ్ తలుపులు తెరుచుకుంటాయి. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది. ముదిరిన కలరాలో గంటకు లీటరు దాకా పోతుంది. అంతా చెక్కుచెదరని పొర గుండానే.

పొర ఉందని తేలడంతో అసలు మలుపు వచ్చింది. 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ ముందుపెట్టారు: పేగు కణం గ్లూకోజును సోడియంతో జతగానే లోపలికి తీసుకుంటుందని. సోడియం వెళ్తే నీరూ వెళ్తుంది. కలరాలో బయటికి పంపే తలుపు తెరుచుకుంది గానీ, లోపలికి తెచ్చే ఈ దారి మూతపడలేదు. పొర ఊడి ఉంటే ఈ దారి ఉండేదే కాదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ గ్లూకోజు, ఉప్పు కలిపిన నీటిని రోగులకు తాగించి, నరంలోకి ఎక్కించాల్సిన ద్రవం అవసరాన్ని సుమారు 80 శాతం తగ్గించారు.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షలాదిగా పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. సరిహద్దు పట్టణం బనగావ్‌లో కలరా పుట్టింది. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు అక్కడి ఆసుపత్రికి చేరేసరికి రెండు గదుల్లో నేలంతా వాంతులు, విరేచనాలు. రోగికి సెలైన్ పెట్టాలంటే వాటిలోనే మోకాళ్ల మీద కూర్చోవాలి. సెలైన్ నిల్వలు అయిపోవచ్చాయి. ఆయన డ్రమ్ముల్లో ద్రావణం కలిపించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కలకత్తాలో పొట్లాలు కట్టి, వేడి ఇస్త్రీపెట్టెతో అంటించి పంపారు. రోగుల బంధువుల చేతే చెంబుతో తాగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చూసుకున్న చోట నాలుగు శాతం లోపుకు దిగాయి. ఇప్పుడు ఏ మందుల షాపులోనైనా దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఆ పొట్లాల సంతతే. నోటితో తాగిస్తే లాభం లేదన్న పాత నమ్మకం బనగావ్ బురదలో ముగిసింది.

పేగు పొర నిజంగా ఊడే రోగాలు లేవా అంటే ఉన్నాయి. అమీబా జిగట విరేచనాల్లో ఆ జీవి మాత్రికనే జీర్ణం చేసుకుంటూ పెద్దపేగు గోడలో లోతుగా పుళ్లు చేస్తుంది. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా ఇంకో పని చేస్తుంది. తాను చొరబడ్డ కణం రోగం తగిలిందని గ్రహించి రాలిపోబోతే, షిగెల్లా దాన్ని రాలనివ్వదు. టోక్యో విశ్వవిద్యాలయంలో చిహిరో ససకావా బృందం 2009లో దీన్ని కనుక్కుంది. షిగెల్లా ఒక ప్రోటీనును కణంలోకి పంపి, ఇంటిగ్రిన్లకు తోడుగా ఉండే ఎంజైమును పట్టుకుని, కణం మాత్రికను మరింత గట్టిగా పట్టుకునేలా చేస్తుంది. రాలిపోవడం మన పేగుకు రక్షణ, రాలనివ్వకపోవడం రోగానికి ఆయుధం.

ప్రయోగశాలలో పేగు కణాన్ని బతికించడానికి పడిన తంటాలూ ఈ పట్టు చుట్టూనే తిరిగాయి. 1973లో మిల్టన్ వైజర్ ఎలుక పేగులో కాల్షియాన్ని లాగేసే ద్రావణం నింపి కణాల్ని విడతలుగా రాల్చారు. మొదటి విడతలో చూషకాల కొనల కణాలు వచ్చాయి, చివరి విడతలో గుంటల కణాలు వచ్చాయి. విడదీయడం అలా నేర్చుకున్నారు. విడిపోయిన కణాలు మాత్రం గంటల్లో చచ్చేవి. దానికి కారణం 1994లో స్టీవెన్ ఫ్రిష్, హంటర్ ఫ్రాన్సిస్ చూపించారు. మాత్రిక నుంచి ఊడిన ఇలాంటి పొర కణానికి ఇక బతకమన్న సందేశం అందదు, అది తనను తానే చంపుకుంటుంది. ఊడిన కణం ఇంకోచోట పోయి కాపురం పెట్టకుండా ఒళ్లు వేసుకున్న కట్టుబాటు ఇది. క్యాన్సరు కణాలు దీన్ని తప్పించుకునే దారి వెతుక్కుంటాయి.

ఆ చావును తప్పించినప్పుడు పేగు బయట పేగు పెరిగింది. 2009లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో, హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో జపాన్ వైద్యుడు తోషిరో సాటో ఎలుక పేగు గుంట నుంచి ఒకే ఒక మూలకణాన్ని తీసి, లామినిన్ నిండిన మెత్తటి జిగురులో ఉంచారు. జిగురు వచ్చింది ఆ పాత ఎలుక కణితి నుంచే. ఊడిన కణం చావకుండా ఒక మందు, పెరగడానికి మూడు వృద్ధి కారకాలు కలిపారు. కొన్నాళ్లకు ఆ ఒక్క కణం గుంటలతో, చూషకాల్లాంటి భాగాలతో గోళీలా ఎదిగింది. 2022లో టోక్యోలో పెద్దపేగు పుళ్ల రోగికి ఆ రోగి కణాలతోనే ఇలాంటి గోళీలు పెంచి పుండు మీద అంటించారు.

యూట్రెక్ట్‌లోనే మరో బృందం 2013లో వీటితో ఇంకో పరీక్ష చేసింది. కలరా విషం పెంచే సందేశపదార్థాన్నే పెంచే ఫోర్స్‌కోలిన్ అనే మందును ఆరోగ్యవంతుల కణాలతో పెంచిన గోళీల మీద పోశారు. గంట తిరక్కుండా గోళీలు నీళ్లతో ఉబ్బాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల కణాలతో పెంచినవి ఉబ్బలేదు, వాటిలో క్లోరైడ్ తలుపే పనిచేయదు. ఏ రోగికి ఏ మందు పనికొస్తుందో ముందే తెలుసుకోవడానికి ఈ ఉబ్బును కొలుస్తున్నారు.